కొండదారి పరుగు బూట్లు: పర్యావరణ భారమును కొలుచుట యెట్లు?

అడవిలోను, కొండపైనను, రాళ్ళును వేళ్ళును బురదయు నిండిన కాలిబాటలవెంట పరుగిడు క్రీడను నేడు ట్రైల్ రన్నింగ్ అని వ్యవహరించుచున్నారు. ఈ క్రీడ నభ్యసించువారిలో పెక్కురు ప్రకృతియందలి ప్రీతిచేతనే నగరపు తారురోడ్డును విడిచి అటు మరలినవారు. అందువలననే, తాము పాదములకు తొడుగుకొనిన వస్తువు ఆ ప్రకృతికే యెంత కీడు చేయుచున్నదను ప్రశ్న వారి మనస్సులను గాఢముగా కలవరపెట్టుచున్నది. ఆ కలవరమును గుర్తెఱిగిన తయారీదారులు బూట్ల పెట్టెలపై ఆకుపచ్చని ఆకులను, పునర్వినియోగ చిహ్నములను, కర్బనపు లెక్కలను ముద్రించుచు వచ్చుచున్నారు. ఈ ప్రకటనలలో సత్యమెంత, అర్ధసత్యమెంత, కొలువవలసినదానినే కొలుచుచున్నారా యను విషయమును, వేర్వేరు శాస్త్రములవారు వెలువరించిన ఫలితములను ఒక్కచోటికి చేర్చి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. నా అభిప్రాయమును ముందుగనే చెప్పుట న్యాయము: జతను ప్రమాణముగా గొని ఈ బూట్లను తూచుచున్నంతకాలము మన తీర్పులు తప్పుచునే యుండును, అవి మోసిన కిలోమీటరును, అవి త్రొక్కిన మట్టిని ప్రమాణములుగా గొన్నప్పుడే లెక్క నిలుచును.

మొదట వస్తువును చూతము. ట్రైల్ బూటు పైభాగము సామాన్యముగా పాలిస్టర్ లేక నైలాన్ దారముతో నేసిన జాలీ. రాళ్ళు తగిలి చినుగకుండుటకై దానిపై పలుచని ప్లాస్టిక్ పొరను వేడితో అతుకుదురు. దాని క్రింద పాదమునకు మెత్తదనము నిచ్చు నడిమి సోలు. ఇది చాలవరకు ఇ.వి.ఎ. అని పిలువబడు ఇథిలీన్ వినైల్ అసిటేట్ నురుగుతో చేయబడును. కొన్ని రకములలో మొనరాళ్ళు గుచ్చుకొనకుండ నడుమ నొక గట్టి పలక యుండును. అన్నిటికిని దిగువ రబ్బరు సోలు, దానికి బురదలోను జారుడురాళ్ళపైనను పట్టునిచ్చు నాలుగైదు మిల్లీమీటర్ల పళ్ళు. ఈ పళ్ళ సోలునకు విషాదకరమైన చరిత్ర గలదు. 1935 సంవత్సరమున ఇటలీ ఆల్ప్స్ పర్వతములలో పుంటా రాసికా శిఖరముకడ తన సహచరులు ఆర్గురు తుపానులో చిక్కి మరణింపగా, వారి పాదరక్షలు ఆ మంచునకు తగినవి కాకపోవుటయు నొక కారణమని తలచిన విటాలె బ్రమానీ రబ్బరు పళ్ళ సోలును రూపొందించెను; నేటి వైబ్రమ్ సంస్థకు అదియే మూలము. ఇట్లు ప్రాణరక్షణకై పుట్టిన సోలును, నురుగును, జాలీని జిగురుతోను వేడితోను ఒత్తిడితోను ఏకము చేసినప్పుడు, మరల విడదీయుటకు వీలులేని దృఢత్వమొకటి యేర్పడును. పరుగిడువానికి అది గుణము. బూటు చిరిగిన మఱునాటినుండి అదియే దోషము.

బూట్ల పర్యావరణ భారమును గూర్చి నేటికిని పలువురు ఉదహరించు మూలపరిశోధన అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారిది. 2013లో ప్రకటితమైన ఆ పరిశోధనలో, కృత్రిమ పదార్థములతో చేసిన ఒక జత పరుగు బూట్ల జీవితకాలమంతటిలో వెలువడు వాయువులు సుమారు 14 కిలోల కార్బన్ డయాక్సైడునకు సమానమని తేలినది. ఆ జతలో 65 విడిభాగములు. వానిని చేసి కూర్చుటకు 360 ప్రక్రియలు. ఈ మొత్తముకంటె దాని విభజనమే నాకు ముఖ్యముగా తోచుచున్నది. అందు సుమారు 68 శాతము కర్మాగారములోని తయారీనుండియే వచ్చినది. ముడిపదార్థముల వంతు 29 శాతము మాత్రమే. రవాణాయు వాడుకయు పారవేతయు కలిసి మిగిలిన స్వల్పభాగము. చిన్న చిన్న ముక్కలను వేర్వేరు అచ్చులలో పోయుటకును, కాచి చల్లార్చి మరల కాచుటకును కావలసిన విద్యుత్తు చైనాలో బొగ్గునుండి పుట్టుచుండుట ఇందుకు ప్రధాన కారణము. పరిశోధింపబడినది తారురోడ్డు పరుగునకు చేసిన బూటు. ఐనను ట్రైల్ బూటు నిర్మాణమును అట్టిదే గనుక, రబ్బరు కొంత హెచ్చైనను, ఈ నిష్పత్తులు తలక్రిందులగునని తలచుటకు హేతువు లేదు. కావున, ఏ పదార్థముతో చేసిరను ప్రశ్నకంటె ఏ విద్యుత్తుతో, ఎన్ని ముక్కలతో చేసిరను ప్రశ్న బలవత్తరమైనది; పెట్టెలపై మనము తఱచుగా చదువునది మాత్రము మొదటి ప్రశ్నకు సమాధానమే.

ఈ విషయము తెలుగునాటికిని దగ్గఱిదే. తిరుపతి జిల్లాలో తడ సమీపమునగల మాంబట్టు ప్రత్యేక ఆర్థిక మండలిలో అపాచీ సంస్థ ఆడిడాస్ బూట్లను చేయుచున్నది; సరిహద్దు దాటి తమిళనాడునకు పోయినచో చెయ్యారులో తైవాను దేశపు ఫెంగ్ టే సంస్థ నైకీ బూట్లను చేయుచున్నది. వేలాది గ్రామీణ స్త్రీలకు జీతము నిచ్చు కర్మాగారములివి. భారతదేశపు విద్యుత్తు నేటికిని ప్రధానముగా బొగ్గుపై నాధారపడి, యూనిట్టుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడును వెలువరించుచున్నది గనుక, కర్మాగారము చైనానుండి ఇటు తరలినంతమాత్రమున బూటు భారము తగ్గదు. కప్పుపై సౌరఫలకములు ఎన్ని, బాయిలరులో మండునదేమి, అచ్చులనుండి వ్యర్థమగు వేడిని మరల పట్టి వాడుచున్నారా యను మూడు ప్రశ్నలకు తడలో దొరకు సమాధానములు, విదేశపు దుకాణములో పెట్టెపై ముద్రించిన ఆకుబొమ్మకంటె ఎన్నో రెట్లు విలువైనవి.

ఇక ఆ 14 కిలోలను కిలోమీటరునకు పంచి చూతము. ఒక జత 500 మొదలు 800 కిలోమీటర్లవరకు పనికివచ్చునని సామాన్యముగా చెప్పుదురు. 700 కిలోమీటర్లు పరుగిడినచో కిలోమీటరునకు 20 గ్రాములు. పైభాగము చినిగి 350కే పారవేసినచో 40 గ్రాములు. శ్రద్ధతో మరమ్మతు చేయించుకొని వేయి దాటించినచో 14 గ్రాములు. ఏ నూతన పదార్థమును ఒక్కయేటిలో ఇంత తేడా తేజాలదు. దీని ప్రక్కన కారును నిలిపి చూచినచో మఱియొక సంగతి బయటపడును. కిలోమీటరునకు 150 గ్రాములు వెలువరించు పెట్రోలు కారులో హైదరాబాదునుండి వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలకు ఒంటరిగా పోయి వచ్చినచో, సుమారు 150 కిలోమీటర్ల ఆ ఒక్క ప్రయాణమే ఒక జత బూట్ల జీవితభారమును మించిపోవును. మోంబ్లాం పర్వతము చుట్టు జరుగు యు.టి.ఎం.బి. వంటి పోటీకి మనదేశమునుండి విమానమున పోయి వచ్చువాని లెక్క టన్నును దాటును. 2023లో ఆ పోటీకి ఒక కార్ల సంస్థ ప్రధాన పోషకురాలైనప్పుడు పరుగువీరులే నిరసించుటకు కారణమిదియే. కొండపోటీల భారములో ప్రయాణమునకే పెద్దపీట యని వారెఱుగుదురు. అట్లని బూటు నిర్దోషియని నేననుటలేదు. వాయువుల లెక్కలో అది చిన్నదైనను, తరువాత చెప్పబోవు లెక్కలలో చిన్నది కాదు.

కొన్ని సంస్థలు తమ బూట్ల కర్బనసంఖ్యను తామే ప్రకటించుట ఆరంభించినవి. 2021లో ఆడిడాస్, ఆల్‌బర్డ్స్ సంస్థలు కలిసి జతకు 2.94 కిలోల కర్బనసంఖ్యగల బూటును వెలువరించినవి. ముక్కల సంఖ్యను తగ్గించి, కత్తిరింపులో వ్యర్థమును మిగుల్చకుండ రూపొందించిన ఆ పనితనమును మనసార మెచ్చుకొనవలసినదే. 2023లో ఆల్‌బర్డ్స్ ప్రకటించిన మూన్‌షాట్ బూటుకు సంఖ్య సున్న. ఈ సున్నకు ఆధారము, న్యూజీలాండులోని గొఱ్ఱెల క్షేత్రమొకటి తన నేలలోను చెట్లలోను పట్టి యుంచిన కర్బనమును ఉన్ని ఖాతాలో జమకట్టుట. నేలలో చేరిన కర్బనము ఎంతకాలము నిలుచునో, దానిని ఉన్నికి పంచవలెనో మాంసమునకు పంచవలెనో శాస్త్రజ్ఞులలో వాదమింకను తీరలేదు. కావున ఆ సున్నను మొదటి సంఖ్యతో ఒకే వరుసలో నిలుపుట నాకు సమ్మతము కాదు. సరిహద్దులు వేరైన లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, చిన్నదానిని కొనువాడు తెలియకయే మోసపోవును. అంతకంటె పెద్దలోప మేమనగా, ఈ బూటు ఎన్ని కిలోమీటర్లు మోయునో ఈ సంఖ్యలు చెప్పవు.

ముడిపదార్థముల విషయమున ప్రచారము మిక్కుటము గనుక అచట కొంత నిలువవలెను. నీటిసీసాలను కరగించి తీసిన పాలిస్టర్ దారమును పైభాగమున వాడుట నేడు సామాన్యమైనది. క్రొత్త పాలిస్టరుకంటె దీనికి శక్తివ్యయము తక్కువ యనుట నిజము. ఐనను సీసా మరల సీసాగా మారగలదు, బూటులో చిక్కిన దారము మరల దారమగుట అరుదు. నడిమి సోలు విషయమున 2018 ముఖ్యమైన సంవత్సరము: బ్రెజిల్‌లోని బ్రాస్కెమ్ సంస్థ చెఱకునుండి చేసిన ఇ.వి.ఎ.ను ఆల్‌బర్డ్స్ వాడుటయే కాక, ఇతర తయారీదారులకును ఆ మార్గమును తెఱచినది. ఇందువలన చమురు మిగులును. కాని చెఱకునుండి పుట్టినను ఆ నురుగు రసాయనముగా చమురు నురుగే. అడవిలో రాలిన ముక్క దేనినుండి పుట్టినదైనను మట్టిలో అంతకాలమును నిలుచును.

ఆముదము కథ మనకు మఱింత ఆప్తమైనది. ఫ్రాన్సు దేశపు ఆర్కెమా సంస్థ ఆముదపు నూనెనుండి పాలిఅమైడ్-11 అను నైలానును, పెబాక్స్ జాతి నురుగులలో కొన్నింటిని చేయుచున్నది. స్విట్జర్లాండు సంస్థ ఆన్ చందా పద్ధతిపై అద్దెకిచ్చి మరల తీసికొను బూటును ఈ పదార్థముతోనే చేసినది. ప్రపంచపు ఆముదములో అత్యధికభాగము భారతదేశమునందు పండుచున్నది. గుజరాతు అగ్రస్థానమున నున్నను, పాలమూరు, నల్లగొండ ఎఱ్ఱనేలలలోని మెట్టరైతులకు ఇది తాతలనాటి పంట. తక్కువ వానకు తట్టుకొని పెరుగు ఈ మొక్కపై, నీరు త్రాగు చెఱకుకంటె నాకు ఎక్కువ నమ్మకము. ఐనను జతకు వందల డాలర్లు పలుకు బూటులో రైతునకు చేరునదెంత, వాడు చల్లు మందులేవి యనునవి కూడ లెక్కలోనికి రావలెను. గుజరాతులో 2016 నుండి ప్రగతి యను పేర ఆర్కెమా, మఱికొన్ని సంస్థలు కలిసి ఆముదపు రైతులతో నడుపుచున్న సేద్యశిక్షణ ఆ దిశలో వేసిన అడుగు.

మట్టిలో కలిసిపోవు బూటు అను మాట వినుట కెంతో యింపుగానుండును. 2008లో అమెరికా సంస్థ బ్రూక్స్, చెత్తగుంతలో సాధారణ నురుగుకంటె యాభై రెట్లు వేగముగ శిథిలమగునని చెప్పి బయోమోగో అను నడిమి సోలును తెచ్చినది. కాని గాలి చొరని చెత్తగుంతలో శిథిలమగు పదార్థము మీథేనును వెలువరించును. అది కార్బన్ డయాక్సైడుకంటె ఎన్నో రెట్లు తీవ్రమైన వాయువు. ఆ మీథేనును పట్టి వాడుకొను ఏర్పాటు లేని ఊరిలో, శిథిలము కాని బూటే వాతావరణమునకు తక్కువ కీడు చేయును. వినియోగదారునకు ఇది మింగుడుపడని సత్యము, ఐనను సత్యమే.

బూటు ఆయుర్దాయము విషయమున పరిశ్రమ నడచుచున్న దారి నాకు ఆందోళన కలిగించుచున్నది. వేగమునకై వచ్చిన పెబా (పెబాక్స్ జాతి) నురుగులు ఇ.వి.ఎ.కంటె తేలిక, శక్తిని తిరిగి యిచ్చుటలో మిన్న. స్పెయిన్‌లో ఇటీవల జరిగిన ఒక పరిశోధనలో, క్రొత్తగానున్నప్పుడు పెబా బూటు చూపిన ఆధిక్యము 450 కిలోమీటర్ల పరుగు పిమ్మట మిగులలేదని తేలినది. పోటీదినమునకు చేసిన వస్తువును దినచర్యకు అమ్ముట ఇందలి అన్యాయము. ట్రైల్ బూటునకు మఱియొక విచిత్రము గలదు: అది సమముగా ముసలితనమును పొందదు. చిటికెనవ్రేలికడ మడతపడుచోట జాలీ చినిగిపోవునప్పటికి సోలు పళ్ళు సగమైన అరుగవు. రాతినేలలో పరుగిడువానికి ఇది తాఱుమాఱు. ఒక్కభాగము చచ్చినంతనే తక్కిన భాగములను సహగమనము చేయించుట పారవేత. మన వీధి మొగలలో గొడుగు క్రింద కూర్చుండు చెప్పులు కుట్టువారు చినిగిన జాలీకి లోపలినుండి గుడ్డ వేసి కుట్టగలరు, ఊడిన సోలు అంచును అతుకగలరు, చేయించుకొనువారే తక్కువ. సోలు మొత్తము మార్చుట మాత్రము అచ్చును ఒత్తిడియంత్రమును లేనిదే కుదరదు. ఫ్రాన్సు ప్రభుత్వ విధానమున 2023 చివరనుండి చెప్పుల మరమ్మతు ఖర్చులో కొంత రాయితీగా లభించుచున్నది; ఆ రాయితీకి ధనము తయారీదారులు చెల్లించు రుసుమునుండి వచ్చును. కొండపరుగులో జగత్ప్రసిద్ధుడైన కీలియన్ జోర్నెట్ 2022లో కాంపర్ సంస్థతో కలిసి స్థాపించిన ఎన్‌నార్మల్, దీర్ఘకాలపు మన్నికనే తన ప్రధాన గుణముగా ప్రకటించి అమ్ముచున్నది. రంగు మార్చి ఏటేట క్రొత్త సంచిక తెచ్చు వ్యాపారమున ఇది స్వాగతింపదగిన మార్పు.

పాతబూట్లను సేకరించి పునర్వినియోగింతుమను వాగ్దానములను మాత్రము జాగ్రత్తగా పరీక్షింపవలెను. నైకీ 1990ల ఆరంభమునుండి పాతబూట్లను పొడిచేసి ఆటస్థలముల నేలలకు వాడుచున్నది. బూటు మరల బూటు కాకున్నను అది కొంత మేలే. 2023 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ ప్రకటించిన పరిశీలన మఱియొక కథ చెప్పినది. సింగపూరులో డౌ రసాయన సంస్థయు ప్రభుత్వ క్రీడాసంస్థయు నడపిన సేకరణ పథకమున, లోపల జాడతెలుపు పరికరములు దాచిన 11 జతలను రాయిటర్స్ వారు వేసిరి. ఒక్క జతయు ఆటస్థలము కాలేదు. పెక్కు జతలు పాతవస్తువుల వర్తకునిద్వారా, అట్టి దిగుమతిని నిషేధించిన ఇండోనేషియా సంతలకు చేరినవి. ఒక పేదవాని పాదమున మరల తిరుగు బూటు పొడియైన బూటుకంటె మేలని నేను నమ్ముదును. తప్పు ఆ తిరుగుటలో లేదు, ఇచ్చినవారితో అబద్ధమాడుటలో నున్నది. ఒకే పదార్థముతో జిగురు లేక చేసిన ఆడిడాస్ ఫ్యూచర్‌క్రాఫ్ట్ లూప్, భాగములను విడదీయుటకు వీలుగ చేసిన సాలమన్ ఇండెక్స్ వంటి ప్రయత్నములు శాస్త్రదృష్టితో సరియైన మార్గమే. కాని బూటు తిరిగి వచ్చినప్పుడు కదా అది ఫలించుట.

రసాయనముల సంగతి సంగ్రహముగా. 1997లో వియత్నాంలోని టే క్వాంగ్ వినా కర్మాగారముపై ఎర్న్‌స్ట్ అండ్ యంగ్ తనిఖీ నివేదిక బయటపడినప్పుడు, నైకీ బూట్లు అతుకు కార్మికులు పీల్చు టొలుయీన్ ఆవిరి స్థానిక పరిమితులను మిక్కిలిగా దాటినదని లోకమునకు తెలిసినది. నీటి ఆధారపు జిగురులు వ్యాపించుటకు ఆ గర్హణ తోడ్పడెను. నీరు చొరనీయని బూట్లలో వాడు పి.ఎఫ్.ఎ.ఎస్. రసాయనములు మట్టిలోను నీటిలోను నశింపవు. గోర్ సంస్థ 2022 నుండి వానిని వీడి క్రొత్త పొరను తెచ్చుచుండగా, కాలిఫోర్నియా 2025 జనవరి నుండి వస్త్రములలో వానిని నిషేధించినది. మన దక్కను వేడిలో నీరు చొరని బూటే అనవసరము. పైనుండి లోనికి వచ్చిన నీరు దానినుండి బయటికి పోదని వాగు దాటిన ప్రతివాడు నెఱుగును.

ఇంతవరకు కర్మాగారమును, చెత్తగుంతను చూచితిమి. ట్రైల్ బూటును ఇతర బూట్లనుండి వేఱుచేయునది అది అరుగు స్థలము. తారురోడ్డుపై అరిగిన రబ్బరు కాలువను చేరును. కొండదారిలో అరిగినది సెలయేటిలోనే పడును. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2018లో వేసిన అంచనాలో, చెప్పుల సోళ్ళ అరుగుదల తలకు ఏటికి 109 గ్రాములు. టైర్లది 1,200 గ్రాములకు పైమాట. టైర్ల ముందు ఇది చిన్నదే, కాని టైరు పోలేని చోటికి సోలు పోవును. న్యూయార్కు రాష్ట్రమునందు అడిరాండక్ పర్వతములలో హడ్సన్ నదికి అత్యున్నత జన్మస్థానమైన లేక్ టియర్ ఆఫ్ ది క్లౌడ్స్ అను కొలనులో 2023లో దీర్ఘదూర పరుగువారు సేకరించిన నీటిలో సూక్ష్మ ప్లాస్టిక్ కనబడినది. ఆకాశమునుండి పడినదేమోయని, కాలిబాటకు దూరముగనున్న మఱియొక ఎత్తైన కొలనుతో పోల్చగా, బాటచెంతనున్న దానిలో కణములు ఇరువది రెట్లకు పైగా నుండినవి. రెండే కొలనుల పోలిక గనుక తుదితీర్పు కాదు. బూటు పాలెంతయో చొక్కా పాలెంతయో విడదీయుటయు కష్టము. ఐనను మెత్తని రబ్బరు ఎక్కువ పట్టునిచ్చి త్వరగా అరుగును. గట్టి రబ్బరు జారినను నిలుచును. ఈ రెంటి నడుమ ఎన్నిక చేయు రూపకర్త ఇకమీదట సెలయేటినికూడ తలపోయవలెను.

త్రొక్కుడు విషయమున ప్రజలలో నున్న భయము కొంత సవరింపదగినది. డేవిడ్ కోల్, నీల్ బేఫీల్డ్ 1993లో ప్రతిపాదించిన పద్ధతిన జరిగిన ప్రయోగములు, పచ్చికపై మొదటి కొద్ది అడుగులే అత్యధిక నష్టము చేయుననియు, ఏర్పడిన బాటపై అదనపు అడుగుల కీడు క్రమముగా తగ్గుననియు చూపినవి. 1983లో అడవిబాటలపై పళ్ళసోలు బూట్లను ఇతర బూట్లతో పోల్చిన కస్ అను పరిశోధకుని అధ్యయనములో చెప్పదగిన భేదము కనబడలేదు. అనగా పళ్ళ లోతుకంటె, బురదకు జడిసి బాటను విడిచి ప్రక్కనున్న గడ్డిపై పరుగిడు అలవాటే నేలను చెఱచును.

ఆ పళ్ళ నడుమ చిక్కుకొని పోవు మట్టి మాత్రము వేఱు విషయము; ఈ సమీక్షలో నాకు అన్నిటికంటె తీవ్రముగా తోచినది అదియే. న్యూజీలాండులో వేయేండ్లకు పైబడి జీవించు కౌరీ వృక్షములను ఫైటాఫ్తొరా అగాథిడిసైడా అను సూక్ష్మజీవి వేళ్ళనుండి చంపుచున్నది. దాని బీజములు మట్టిలో ఏండ్లు నిలిచి, బూటు నంటుకొనిన చిటికెడు మట్టితో ఒక అడవినుండి మఱియొక అడవికి పోగలవు. ఆక్లండు పడమటనున్న వైటాకెరె కొండల అడవిపై 2017 డిసెంబరులో అచటి మావోరీ తెగవారు, టె కవెరావు ఆ మాకీ, రాహుయి అను తమ సంప్రదాయ నిషేధమును విధించిరి. నగరపాలక సంస్థ మొదట వెనుకాడి, 2018లో అడవిని మూసివేసినది. ఇతర కౌరీవనముల ముఖద్వారములవద్ద బూట్లను కుంచెతో రుద్ది క్రిమిసంహారక ద్రవమును చల్లు ఏర్పాట్లు గలవు. చెఱకు నురుగుతో చేసి, సౌరవిద్యుత్తుతో అతికి, వేయి కిలోమీటర్లు మన్నిన బూటైనను, తుడువని సోలుతో ఆ అడవిలో అడుగిడినచో, ఏ కర్బనసంఖ్యయు చెప్పని నష్టము చేయును. బురదను విడిచిపెట్టు సోలని నేడు తయారీదారులు పట్టుకై ప్రకటించుకొనుచున్న గుణమే ఇచటను కావలసినది. పళ్ళ నడుమ ఎడమెంత యుండవలెనో, ఎన్ని తోముళ్ళకు ఎంత మట్టి వీడునో, పళ్ళ మూలలను గుండ్రముగ చేసినచో ఎంత మేలో ప్రయోగశాలలో తూచి గ్రాములలో చెప్పుట సాధ్యము. బూటు మోయగల కిలోమీటర్లతోపాటు ఆ గ్రాములనుకూడ పెట్టెపై ముద్రింపుమని పరుగిడువారును, పోటీలను నడుపువారును, అటవీశాఖలును అడుగవచ్చును.